బిల్లు కట్టేది ఒకరు, మేడ ఎక్కేది ఇంకొకరు: గాజువాకలో ఒక ఇంటి సోలార్ కథ

విశాఖలో ఇళ్ల మీద సోలార్ బిగించే పనిలో ఉన్నాను. సర్వే, డిజైను, మా కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కాగితాలు, బిగింపు, ఆ తర్వాత సర్వీసు అన్నీ మా చిన్న టీమే చూస్తుంది. జనం సోలార్ ఎందుకు పెట్టించుకోరు అని అడిగితే ఎవరైనా ఠక్కున చెప్పేది ఖర్చు గురించే. కానీ ఖర్చు పెట్టగలిగి, రాయితీ వస్తుందని తెలిసి, మేడ మీద ఎండ దండిగా ఉండి కూడా "చూద్దాంలెండి" అని పంపించేసే ఇళ్లు నాకు చాలా తగిలాయి. అలాంటి ఒక ఇంటి గురించి మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను, ఎందుకంటే విడివిడిగా కనిపించే అడ్డంకులు దాదాపు అన్నీ ఆ ఒక్క ఇంట్లోనే వరసకట్టాయి. పేర్లు, వీధి రాయడం లేదు. గాజువాక దగ్గర స్టీల్ ప్లాంట్ నిర్వాసితుల కాలనీ అనుకుంటే చాలు.

ఇల్లు, మనుషులు

సార్ స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యారు. ప్లాంట్ కోసం ఊరు వదిలిన కుటుంబం, నిర్వాసితులకి ఇచ్చే ఆర్ కార్డు మీద వచ్చిన ఉద్యోగం. కాలనీలో స్థలం వాళ్ల నాన్నగారి పేరున వచ్చింది, కరెంటు మీటరు కూడా ఆయన పేరునే ఉంది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. కింద పోర్షన్‌లో సార్, అమ్మగారు ఉంటారు. పై పోర్షన్ తమ్ముడి వాటా. ఆయన అనకాపల్లిలో ఉంటూ పైన అద్దెకిచ్చారు. పంపకాలన్నీ నోటిమాట మీదే. కొడుకు బెంగళూరులో ఐటీ ఉద్యోగం. మేడ మీద నైరుతి మూల వాటర్ ట్యాంకు, నాలుగు వైపులా పిట్టగోడ, ముందు ముందు ఇంకో అంతస్తు వేద్దామని వదిలేసిన కాలమ్ చువ్వలు తుప్పు పట్టి ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. ఈ చువ్వలు లేని మేడ గాజువాకలో వెతకాలి.

కింద పోర్షన్‌కి రెండు ఏసీలు, గీజరు, బోరు మోటారు ఉన్నాయి. వేసవిలో నెలకి 480 యూనిట్ల దాకా వాడకం, చలికాలంలో 230 దగ్గర. మన స్లాబులు తెలిసినవే: మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 480 యూనిట్లకి ఒక్క ఎనర్జీ ఛార్జీయే 3,328 రూపాయలు. దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ, సర్దుబాటు ఛార్జీలు. సార్‌కి అసలు మంట 3,328 మీద కాదు, ఆ సర్దుబాటు మీద. "ఎప్పుడో వాడేసిన కరెంటుకి ఇప్పుడు మళ్లీ కట్టడమేటండీ" అన్నారు. ఈ మాట నేను ప్రతి రెండో ఇంట్లో వింటాను. పర్యావరణం, కర్బన ఉద్గారాలు అంటూ మొదలుపెట్టిన వాళ్లు చాలా తక్కువ. బిల్లు ఎంత వస్తుందో ముందుగా తెలియకపోవడం, దాని మీద మన చెయ్యి లేకపోవడం, ఆ చికాకే మనిషిని మా దాకా తీసుకొస్తుంది. వచ్చేది కూడా ఏప్రిల్, మే నెలల్లోనే. నవంబరు బిల్లు చూసి ఎవరూ ఫోన్ చెయ్యరు.

సార్ ఫోన్ చేశారు, మేం వెళ్లాం, 3 కిలోవాట్లు సరిపోతుందని చెప్పాం. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చాక రాయితీ లెక్క సులువైంది: మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000, మూడో దానికి 18,000, మొత్తం 78,000. అంతకు మించి ఎంత పెట్టినా ఇంటికి అదే గరిష్ఠం. సార్ అక్కడికక్కడే సరే అన్నారు. మేం గేటు దాటకముందే అమ్మగారు లోపలి నుంచి "మాకొద్దు బాబూ" అన్నారు.

అమ్మగారి అభ్యంతరం

ఆవిడకి ఖర్చు సమస్య కాదు. కరెంటు బిల్లు ఎప్పుడూ సారే కడతారు, ఆవిడ ఆ కాగితం చూడరు కూడా. ఆవిడ అడిగింది ఒక్కటే: "ఈ ప్లేట్లు ఎవరు కడుగుతారు?"

ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. గాజువాక దుమ్ము తెలిసినవాళ్లకి తెలుసు. బట్టలు ఆరేస్తే సాయంత్రానికి మీద సన్నటి నల్లపొడి. సిటీలో పోర్టు వైపున్న ఇళ్లదీ ఇదే బాధ. ప్లేట్ల మీద ఆ పొర పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది, వాన లేని నెలల్లో పది పదిహేను రోజులకోసారి నీళ్లు కొట్టాలి. అదీ ఉదయం పూట, గాజు చల్లగా ఉన్నప్పుడే. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే తెల్లటి మరకలు పడతాయి, తుడవాలి. "ఏముందమ్మా, నెలకి రెండుసార్లు నీళ్లు చల్లితే చాలు" అని అమ్మేవాళ్లు నవ్వుతూ చెప్తారు. ఆ రెండుసార్లు రెండంతస్తుల మెట్లు ఎక్కాల్సింది ఎవరు? సార్‌కి నడుం నొప్పి. ఆవిడకి మోకాళ్లు. పైన అద్దెకున్నవాళ్లు ఎందుకు కడుగుతారు, వాళ్ల మీటరు వేరు.

దీని వెనకాల ఇంకోటి ఉంది. పదేళ్ల క్రితం వాళ్లు సోలార్ వాటర్ హీటర్ పెట్టించారు. రెండేళ్లకే ఉప్పునీళ్లకి గొట్టాల్లో గార కట్టింది, అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు, అది మేడ మీద తుక్కుగా పడి ఉంటే పాతసామాన్లవాడికి బేరమాడి ఇచ్చింది కూడా అమ్మగారే. కాబట్టి సోలార్ అనగానే సార్‌కి తగ్గే బిల్లు గుర్తొస్తుంది, ఆవిడకి ఆ తుక్కు గుర్తొస్తుంది. హీటర్ వేరు, కరెంటు ప్లేట్లు వేరు అని ఎంత వివరించినా ఆవిడ లెక్కలో రెండూ మేడ మీద పెట్టి వెళ్లిపోయే సామానే. నిజానికి ఆ లెక్కలో తప్పేం లేదు.

నేను ఈ కేసులో ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. లాభం ఒకరి జేబుకి, శ్రమ ఇంకొకరి ఒంటికి పడే చోట సోలార్ ఆగిపోతుంది. మా రంగంలో అందరూ బిల్లు కట్టే మనిషితోనే మాట్లాడతారు, ఆయన ఒప్పుకుంటే పని అయిపోయిందనుకుంటారు, తర్వాత ఆయన ఫోన్ ఎత్తకపోతే "కస్టమర్ సీరియస్ కాదు" అని రాసుకుంటారు. ఆయన సీరియస్సే. ఇంట్లో మాట కుదరలేదు, అంతే.

కొడుకు లెక్క

కొడుకు బెంగళూరు నుంచి ఎక్సెల్ షీటు పంపాడు. నెలకి సగటున 320 యూనిట్లు వస్తాయి, యూనిట్ 9.75, ఏడాదికి 37,440, నాలుగేళ్లు దాటగానే పెట్టుబడి వెనక్కి అని. షీటు అందంగా ఉంది కానీ ప్రతి యూనిట్‌ని పై స్లాబు ధరతో గుణించేశాడు. పై స్లాబు యూనిట్లు ముందు తగ్గుతాయి, నిజమే, కానీ కిందికి వచ్చేకొద్దీ మిగిలేది 6, 4.50, 3 రూపాయలే. చలికాలంలో వీళ్ల మొత్తం ఎనర్జీ ఛార్జీయే 1,060 దగ్గర, అంతకంటే ఎక్కువ ఎలా మిగులుతుంది? అప్పుడు గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్లకి, వెళ్లే మిగులు యూనిట్లకి మనం కొనే టాప్ ధర రాదు. ఏడాది మొత్తం కలిపితే సుమారు 24,000 మిగులుతుందని, స్ట్రక్చర్ ఖర్చుతో కలిపి ఆరేడేళ్లు పడుతుందని చెప్పాం. కొడుకు ఫోన్‌లో కాస్త నీరుగారిపోయాడు. సార్ మాత్రం, నాలుగేళ్లని చెప్పిన ఇంకో ఇద్దరి కొటేషన్లు పక్కన పెట్టేశారు. ఎక్కువ చెప్పినవాడికంటే తక్కువ చెప్పినవాడిని నమ్మే మనుషులు ఇంకా ఉన్నారు, ముఖ్యంగా ప్లాంట్‌లో షిఫ్టులు చేసి వచ్చినవాళ్లలో.

ఇదే లెక్క ఎదురింటికి వేరేగా చెప్పాను. వాళ్ల వాడకం 150 యూనిట్లు, ఎనర్జీ ఛార్జీ 567 రూపాయలు. రాయితీ తీసేసి లెక్కేసినా వాళ్లకి పెట్టుబడి తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఏసీ కొన్నాక మాట్లాడదాం అన్నాను. ఇలా వద్దని చెప్పాల్సిన ఇళ్లకి కూడా అంటగడుతున్నందుకే ఈ పనికి చెడ్డపేరు వస్తోంది.

రాయితీ విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది, ప్రకటనల్లో కనపడదు. ముందు మొత్తం డబ్బు మనం కట్టాలి, పని పూర్తయి నెట్ మీటరు (మనం తీసుకున్న, బయటికి పంపిన యూనిట్లు రెండూ లెక్కించే మీటరు) పెట్టాక రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. తక్కువ వడ్డీకి పూచీకత్తు లేని లోన్లు బ్యాంకులు ఇస్తున్నాయి, కానీ రిటైరైన వయసులో కొత్త లోన్ అంటే సార్ లాంటివాళ్లు వెనకడుగు వేస్తారు. 2025 సెప్టెంబరులో సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు మాకు ఫోన్లు పెరిగాయి. సంతకాలు ఆ లెక్కన పెరగలేదు.

మేడ ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. దరఖాస్తు చెయ్యాలంటే మీటరు బతికున్న మనిషి పేరు మీద ఉండాలి. నాన్నగారి పేరు నుంచి మార్చాలంటే వారసుల సమ్మతి కావాలి, అంటే తమ్ముడి సంతకం. 2024లో నిబంధనలు సవరించి 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అక్కర్లేకుండా దరఖాస్తు ఆమోదం పొందినట్టే అన్నారు. మంచిదే, కానీ అన్నదమ్ముల మధ్య సంతకానికి ఏ నిబంధనా పనికిరాదు.

తమ్ముడు సూటిగా అడిగాడు: "ప్లేట్లు పెడితే మేడ అన్నయ్యదైపోద్దా?" పై పోర్షన్ తనది కాబట్టి దాని నెత్తిన ఉన్న మేడ కూడా తనదేనని ఆయన లెక్క. సార్ లెక్కలో మేడ ఇద్దరిదీ. ఇన్నేళ్లూ ఎవరూ తేల్చలేదు, తేల్చాల్సిన పని పడలేదు. ప్లేట్లు పాతికేళ్లు ఉండే వస్తువు, పాతికేళ్లు ఒకరి సామాను ఒక చోట ఉంటే ఆ చోటు ఎవరిదవుతుందో కాలనీలో అందరికీ అనుభవమే. ఆ భయం అత్యాశ అనుకోకండి. పైగా లాభమంతా కింది మీటరుకే, స్లాబు కారితే బాధ పై ఇంటికి. మళ్లీ అదే లెక్క.

ఇక్కడ మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. కుటుంబంలో పెద్దాయన ఒకరు కూర్చుని కాగితం రాయించారు: మేడ ఉమ్మడి, ప్లేట్లు అన్నవి, తమ్ముడు పైన అంతస్తు వేస్తే అన్న సొంత ఖర్చుతో విప్పించాలి, స్లాబు కారితే బాగుచేయించే బాధ్యత అన్నది. పైన అద్దెకున్నవాళ్లకి బట్టల తీగ చోటు వదలాలి అని కూడా అందులో ఉంది, అది తమ్ముడి భార్య పెట్టించిన షరతు. ప్లేట్ల నీడ పడితే పై పోర్షన్‌లో మే నెల ఉక్క కొంత తగ్గుతుందని నేను చెప్పాక తమ్ముడి గొంతు మారింది. తన అద్దె ఇంటికి కూడా ఏదో ఒకటి దక్కింది కదా.

చువ్వలు, గాలి, నైరుతి మూల

డిజైను దగ్గర సార్ మాకు చెమట పట్టించారు. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలో, అన్నిటికంటే ఎత్తులో ఉంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు. మనకేమో ప్లేట్లు దక్షిణం వైపు వాలి ఉండాలి, ట్యాంకు నీడ మధ్యాహ్నం దాటాక సరిగ్గా వాటి మీదికే వస్తుంది. ఒక్క ప్లేటు మూల నీడ పడినా ఆ వరసంతా మందగించవచ్చు. వాస్తు మీద నేను వాదించను. ఈశాన్యం వదిలేస్తే మనకి పోయేదేం లేదు, పైగా అక్కడే అమ్మగారు వడియాలు పెడతారు. ప్లేట్లని దక్షిణం సగంలో, తూర్పు వైపుకి జరిపి, ఏడడుగుల ఎత్తు స్ట్రక్చర్ మీద పెడితే ట్యాంకు నీడ చాలావరకు తప్పుతుంది, కింద మనుషులు తిరగొచ్చు. ప్లేట్ల వాలు మామూలుగా ఊరి అక్షాంశానికి దగ్గరగా పెడతారు. విశాఖ ఉన్నది పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దాటి, అయినా వాలు పది డిగ్రీలే ఇచ్చినా ఉత్పత్తిలో పెద్ద తేడా రాదు.

కానీ ఎత్తు పెంచితే గాలి పట్టు పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు చూసినవాళ్లకి ఈ మాట ఒక్కటి చాలు. రేకులు, ప్లాస్టిక్ ట్యాంకులు కాలనీలో ఇంటి మీద నుంచి ఇంటి మీదకి ఎగిరాయి, రోజుల తరబడి కరెంటు లేదు. విశాఖలో సోలార్ అమ్మేవాడు హుద్‌హుద్ గురించి ఎవరూ అడగక ముందే మాట్లాడాలి. అడిగేదాకా ఆగితే అప్పటికే ఆ ఇల్లు చేజారినట్టే.

సార్ టార్చి వేసుకుని మా గోడౌన్‌కి వచ్చి స్ట్రక్చర్ గొట్టాలు చూశారు. హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే తుప్పు పట్టకుండా వేసే జింక్ పూత, ఎన్ని మైక్రాన్ల మందం అన్నారు, 80 అన్నాం, కొలిచి చూపించమన్నారు, మీటరు పెట్టి చూపించాం. కోసిన చోట, రంధ్రం వేసిన చోట జింక్ పోతుంది కదా, అక్కడేం పూస్తారు అన్నారు. సముద్రపు గాలికి తుప్పు ఎక్కడ మొదలవుతుందో ఆయనకి మాకంటే బాగా తెలుసు, ఉద్యోగమంతా దానితోనే గడిచింది. స్లాబుకి రంధ్రాలు వెయ్యొద్దు, కాలమ్ చువ్వలు ఎలాగూ ఉన్నాయి, వాటి చుట్టూ కాంక్రీటు పెడస్టల్స్ (దిమ్మెలు) పోసి కాళ్లు వాటి మీద నిలబెట్టండి, బరువు నేరుగా కాలమ్‌లోకి దిగుతుంది అన్నారు. తుప్పు గీకి, చువ్వలు పనికొస్తాయో లేదో చూసుకుని, మా స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో సరిచూసి అలాగే చేశాం, అడ్డ బ్రేసింగ్ అదనంగా వేశాం. ఈ ఎత్తు స్ట్రక్చర్‌కి మామూలు దానికంటే 35,000 ఎక్కువైంది. మొత్తం 2,40,000, రాయితీ పోను 1,62,000. ఆ 35,000 గురించి సార్ బేరమాడలేదు. ప్లేట్ల ధర గురించి మాత్రం వారం రోజులు బేరమాడారు. ఆయన్ని ఒప్పించింది రాయితీ అనుకోను, ఆ మైక్రాన్ల మీటరే అనుకుంటాను.

అమ్మగారిని మాత్రం మేం ఒప్పించలేదు. పెందుర్తి వైపు మేం ఇలాంటి స్ట్రక్చరే వేసిన ఒక ఇంటికి ఇద్దరినీ తీసుకెళ్లాం. మగవాళ్లం ఇన్వర్టర్ (ప్లేట్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) దగ్గర నిలబడి అంకెలు చూస్తుంటే ఆ ఇంటావిడ అమ్మగారిని మేడ మీదికి తీసుకెళ్లారు. కిందికి వచ్చాక అమ్మగారు నాతో మూడు మాటలు చెప్పారు. మేడ మీద కుళాయి, పొడవు పైపు పెట్టించాలి. ప్లేట్ల పక్కన నిలబడి కడగడానికి నడిచే చట్రం ఉండాలి. కడగడానికి మనిషిని మేమే పంపాలి, అది కాగితం మీద రాయాలి, మొదటి రెండేళ్లకి డబ్బు ముందే కలిపేయాలి. మూడూ న్యాయమే, మూడూ చేశాం. చట్రం మామూలుగా మా కొటేషన్‌లో ఉండేది కాదు, ఇప్పుడు ఎత్తు స్ట్రక్చర్ ప్రతిదానికీ వేస్తున్నాం.

ముడసర్లోవ జలాశయం మీద 2018 నుంచి 2 మెగావాట్ల తేలే సోలార్ ఉంది, సింహాద్రి ఎన్‌టీపీసీలో 2021 నుంచి 25 మెగావాట్లది ఉంది. సార్‌కి రెండూ తెలుసు, గర్వంగా చెప్తారు కూడా. కానీ నీళ్ల మీద తేలే ప్లేట్లని చూసి తన మేడ మీద పెట్టించుకున్న మనిషి నాకింకా కనపడలేదు. తనలాంటి ఇంట్లో తనలాంటి మనిషి ఏం అవస్థ పడుతోందో చూడాలి.

కరెంటు పోతే?

సంతకం ముందు రోజు ఈ ప్రశ్న వచ్చింది, ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని చెప్పగానే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. గ్రిడ్‌కి కలిపిన ఇన్వర్టర్ లైన్లో కరెంటు లేనప్పుడు ఆగి తీరాలి, లేకపోతే మన ఇంటి కరెంటు వెనక్కి వెళ్లి స్తంభం మీదున్న లైన్‌మ్యాన్‌కి తగులుతుంది. ఇది ముందే చెప్పకపోతే మొదటి పవర్ కట్ రోజే "మోసం చేశారు" అని ఫోన్ వస్తుంది, ఆ మాట కాలనీ అంతా పాకుతుంది. వాళ్లకి ఫ్యాన్లు, లైట్లకి పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది, దాన్ని అలాగే ఉంచమన్నాం. కొడుకు కరెంటు పోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి లిథియం బ్యాటరీ అన్నాడు. ఆ అదనపు ఖర్చు వాళ్ల వీధిలో కరెంటు పోయే గంటలకి గిట్టదని చెప్పాం.

ఏడాది తర్వాత

మేలో వాడకం అంతే ఉంది, ఎనర్జీ ఛార్జీ 400 లోపు వచ్చింది. ఆగస్టులో మబ్బులకి ఉత్పత్తి బాగా పడింది, 250 యూనిట్లు దాటలేదు. ఏడాది మొత్తం మీద మేం చెప్పిన 24,000కి దగ్గరగానే మిగిలింది. సార్ రోజూ సాయంత్రం ఫోన్ యాప్‌లో యూనిట్లు చూసి క్యాలెండర్ మీద రాస్తారు. అమ్మగారు యాప్ చూడరు. కడిగే కుర్రాడు ఒకసారి ఆలస్యమైతే నాకు ఫోన్ చేసింది మాత్రం ఆవిడే. వడియాలు ఈశాన్యం మూలే పెట్టారు.

చుట్టుపక్కల వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. మగవాళ్లు సార్‌ని బిల్లు ఎంతొచ్చిందని అడుగుతారు, ఆడవాళ్లు అమ్మగారిని ఎవరు కడుగుతున్నారని అడుగుతారు. ఆ వీధిలో మాకు వచ్చిన ఆర్డర్లు రెండో ప్రశ్న అడిగిన ఇళ్లవి.

మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ మాత్రం ఇంకా అలాగే ఉంది. లిఫ్ట్, మోటారు, కారిడార్ లైట్ల ఉమ్మడి మీటరుకి సోలార్ పెడదామని అసోసియేషన్ అనుకుంది. ఉమ్మడి అవసరాలకి కిలోవాట్‌కి 18,000 రాయితీ ఉంది. అందరూ చెయ్యెత్తారు, పై అంతస్తులో ఉన్న రెండు ఫ్లాట్ల వాళ్లు తప్ప. మెయింటెనెన్స్ తగ్గితే అందరికీ సమానంగా తగ్గుతుంది, స్లాబు కారితే తడిసేది ఆ రెండు ఇళ్లే. గాజువాక కాగితం లాంటిదే ఒకటి రాసి, వాటర్‌ప్రూఫింగ్ ముందు చేయించి, ఆ రెండు ఫ్లాట్లకి మెయింటెనెన్స్‌లో ఏదైనా తగ్గించమని సలహా ఇచ్చాను. అసోసియేషన్ ప్రెసిడెంట్‌కి నచ్చలేదు, మెజారిటీ ఉంది కదా అంటారు. మెజారిటీతో స్లాబు మీద డ్రిల్లింగ్ మొదలుపెట్టే పని నేను తీసుకోను.

గాజువాక తమ్ముడుగారు వచ్చే ఏడాది పైన అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నారట. విప్పి, కొత్త స్లాబు మీద మళ్లీ బిగించడానికి ఎంతవుతుందో చెప్పమని సార్ అడిగారు. ఈసారి కొటేషన్ అన్నదమ్ములిద్దరికీ పంపాను, అమ్మగారికి వాట్సాప్‌లో విడిగా పెట్టాను.